ఓవెన్ అన్నీ ఉడికించదు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఆదివారం బ్రంచ్‌కి పదిమందిని పిలుచుకున్నామని చెబితే చాలు, ఫోన్లో అవతలివాళ్లు ఇచ్చే సలహా ఒక్కటే. "రాత్రే ఎగ్ క్యాసరోల్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసుకో, పొద్దున లేచి ఓవెన్లోకి తోసెయ్. ఏ కూర ఉంటే ఆ కూర వేసెయ్, అదే ఉడుకుతుంది. వంట రానివాళ్లకి కూడా కుదురుతుంది." ఫ్రిస్కోలో విన్నా ఎడిసన్‌లో విన్నా ఇదే మాట. ఎన్నేళ్లుగా ఎంతమంది చెప్పినా ఇది తప్పుడు మాటే. దీన్ని నమ్మినందువల్ల మంచి వంటకం ఒకటి చెడ్డపేరు తెచ్చుకుంది, చేసేవాళ్ల కష్టం లెక్కలోకి రాకుండా పోయింది.

ముందు ఆ వాదనను ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. క్యాసరోల్ అంటే ఇక్కడ చపాతీలు దాచుకునే వేడిడబ్బా కాదు. తొమ్మిది అంగుళాల వెడల్పు, పదమూడు అంగుళాల పొడవు ఉండే లోతైన ట్రేలో రొట్టె ముక్కలో బంగాళాదుంప తురుమో పరిచి, కూరలూ చీజూ వేసి, పాలతో గిలకొట్టిన గుడ్లు పోసి బేక్ చేసే ఉదయపు ఫలహారం ఇది. దీన్ని మెచ్చుకునేవాళ్ల కారణాలు గట్టివే. దోసెలైతే ఒక్కొక్కటిగా పెనం మీంచి దిగాలి. పదో మనిషికి దోసె పడేసరికి మొదటి మనిషి చెయ్యి కడిగేసుకుంటాడు, వేసే మనిషి మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి ఉంటుంది. క్యాసరోల్ ఒక్కసారే పదిమందికీ వస్తుంది, వేడివేడిగా వస్తుంది. బ్రంచ్ అనే ఆలోచనను 1895లో ఇంగ్లండులో రచయిత గై బెరింజర్ అచ్చులో పెట్టినప్పుడు ఆయన చెప్పిందీ ఇదే: ఆదివారం ఆలస్యంగా లేచి, నలుగురూ కూచుని కబుర్లతో తినే తిండి ఇది. పిలిచిన మనిషే ఆ కబుర్లకు దూరమైతే పిలిచి ఏం లాభం? ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఈ వంటకం నాకిష్టం. నా పేచీ అంతా "వేసి తోసెయ్" అనే మాటతోనే.

1. "ట్రేలో వేస్తే అన్నీ అందులోనే ఉడుకుతాయి"

అసలు పొరపాటు ఇక్కడుంది. మిగిలినవన్నీ దీని పిల్లలు.

ఓవెన్ మీద 350 అని కనపడగానే ట్రేలో ఉన్న ప్రతి ముక్కకూ అంత వేడి తగులుతుందనుకుంటారు. 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 177 సెల్సియస్, ఓవెన్లోని గాలి వేడి. ట్రే మధ్యలో ఉన్న గుడ్ల మిశ్రమం అంత వేడెక్కదు, వేడెక్కకూడదు కూడా. పాలు కలిసిన గుడ్డు దాదాపు 80 సెల్సియస్ దగ్గర గట్టిపడుతుంది. 85 దాటిందా, అందులోని ప్రొటీన్లు బిగుసుకుపోయి, అప్పటిదాకా పట్టి ఉంచిన నీళ్లను వదిలేస్తాయి. విరిగిన పాలలాగా గరుకుగా, చుట్టూ నీళ్లు ఊరి తయారవుతుంది. కాబట్టి క్యాసరోల్ బాగా కుదిరిందంటే దాని మధ్యభాగం 80కి కాస్త అటూ ఇటూగా ఆగిందన్నమాట.

ఆ వేడిలో ఇంకేం ఉడుకుతుంది? ఇదొక్కటి ఆలోచించి ఉంటే ఈ సలహా ఇంత దూరం వచ్చేది కాదు. పచ్చి బంగాళాదుంప మెత్తబడాలంటే నీళ్లు మరిగే వేడికి దగ్గరగా చాలాసేపు ఉండాలి. 80 దగ్గర అది గట్టిగానే మిగులుతుంది. ఉల్లిపాయ ఘాటు పోదు, వేగిన తీపి రాదు. క్యాప్సికమ్ కరకరలాడుతుంది. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పచ్చివాసనగానే ఉంటుంది. పోపు గింజ చిటపటలాడదు, మసాలా వేగదు. కూరలు ఉడికేదాకా ఓవెన్లో ఉంచుదామంటే గుడ్లు విరిగిపోతాయి. గుడ్లు సరిగ్గా ఉన్నప్పుడు తీద్దామంటే కూరలు పచ్చిగా ఉంటాయి. రెండూ ఒకేసారి కుదిరే ఘడియ లేదు. దాన్ని సృష్టించే ఓవెన్ ఇంకా రాలేదు.

ఇలా పచ్చికూరలతో చేసిన ట్రేను కోసేటప్పుడు దగ్గర్నుంచి చూడండి. పైన బంగారు రంగు చీజ్ ఉంటుంది, వాసన బాగుంటుంది, అందరూ ఫోన్లతో ఫొటోలు తీస్తారు. మూలన ఒక ముక్క కోసి అట్లకాడతో పైకి తీయగానే ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్లు చేరతాయి. పుట్టగొడుగులు వేసి ఉంటే ఆ నీళ్లు బూడిదరంగులో ఉంటాయి. ముక్క అడుగు తడిసి ముద్దగా ఉంటుంది, పైపొర విడిగా జారిపోతుంది. పళ్లెంలో పెట్టిన రెండో నిమిషానికి పక్కనున్న పండ్ల ముక్కల కిందికి ఆ నీరు పాకుతుంది. మర్యాదకి ఎవరూ ఏమీ అనరు. రెండో ముక్క కూడా ఎవరూ వేసుకోరు.

ఆ నీళ్లు ఎక్కడివి? లెక్క తేలికే. పుట్టగొడుగుల్లో నూటికి తొంభై వంతులకు పైగా నీరే. పాలకూరా అంతే. టమాటా, జుకినీలలో 94, 95 వంతుల దాకా ఉంటుంది. అరకిలో పుట్టగొడుగులు పచ్చిగా వేశారంటే దాదాపు 450 గ్రాముల నీళ్లు, అంటే రెండు కప్పులకు కొంచెం తక్కువ, ట్రేలో దాచిపెట్టినట్టే. వంట రాసినవాళ్లు ఒకటిన్నర కప్పుల పాలు అని కొలిచి చెప్పారు. మీరు కొలవకుండా ఇంకో రెండు కప్పుల దాకా నీళ్లు కలిపారు. గుడ్లు ఆ భారం మోయలేవు.

మరి ఇంతమంది అమెరికన్లు ఏళ్ల తరబడి "వేసి తోసెయ్" అంటున్నారు కదా, వాళ్లకెలా కుదిరింది? ఈ ప్రశ్న న్యాయమైనదే, జవాబు చరిత్రలో ఉంది. 1915లో కార్నింగ్ సంస్థ పైరెక్స్ గాజు పాత్రలను అమ్మకానికి తెచ్చింది. వండిన పాత్రనే టేబుల్ మీద పెట్టే అలవాటుకి అది ఊతమిచ్చింది. 1934లో క్యాంప్‌బెల్ కంపెనీ పుట్టగొడుగుల క్రీమ్ సూప్‌ను డబ్బాల్లో తెచ్చింది. 1955లో ఆ కంపెనీలోనే పనిచేసిన డార్కస్ రైలీ చేసిన గ్రీన్ బీన్ క్యాసరోల్ ఇప్పటికీ థాంక్స్‌గివింగ్ బల్లల మీద కనబడుతుంది. అందులో ఏముందో చూడండి: ముందే ఉడికిన బీన్స్, ఫ్యాక్టరీలో చిక్కబరిచిన సూప్, డబ్బాలో వచ్చే వేయించిన ఉల్లిపాయలు. ఓవెన్‌కు మిగిలిన పని వాటిని కలిపి వేడిచేయడమే. 1953లో ఓర్-ఐడా కంపెనీ చేసిన టేటర్ టాట్స్ కూడా ముందే వేగి, గడ్డకట్టి సంచిలోంచి వచ్చేవే. ఆ తరంలోనూ వంట పని లేకుండా పోలేదు, గృహిణి బదులు ఫ్యాక్టరీ చేసిపెట్టింది, అంతే. ఇప్పుడు డబ్బా సరుకు మంచిది కాదని తాజా కూరలు తెచ్చుకుంటున్నాం. మంచి పనే. సరుకు మార్చి పద్ధతి మాత్రం పాతదే ఉంచుకున్నాం. ఫ్యాక్టరీ మానేసిన పని ఎవరో ఒకరు చేయాలి కదా! అది మన బాణలిలో జరగాలి.

కూరలన్నీ వెడల్పు బాణలిలో, పెద్దమంట మీద, నీరంతా ఇగిరిపోయి అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. పాలకూర వాడ్చి, చల్లార్చి, గుప్పిట్లో పట్టి పిండాలి. మాంసమైతే పూర్తిగా వండి కొవ్వూ నూనే వంచేయాలి. ట్రేలోకి వెళ్లేటప్పటికి ఏ ముక్కనైనా నోట్లో వేసుకుంటే అది అప్పటికే తినడానికి సిద్ధంగా ఉండాలి. ట్రేలో ఉడకాల్సింది గుడ్లూ పాలూ మాత్రమే.

2. "రాత్రంతా నానితే ఏదైనా బాగుంటుంది"

రొట్టెతో చేసే క్యాసరోల్‌కు, అమెరికన్లు స్ట్రాటా అనేదానికి, ఈ మాట వర్తిస్తుంది. అదీ రొట్టెను బట్టి. గట్టి పైపెచ్చు ఉన్న రొట్టెను అంగుళం ముక్కలుగా కోసి, 300 డిగ్రీల ఓవెన్లో ఆరబెట్టాలి. వేలితో తడితే టకటకమనాలి. అలాంటి ముక్క రాత్రంతా పాలూ గుడ్లూ పీల్చుకుంటుంది, పొద్దున ఒకటి తీసి చించి చూస్తే నడిమధ్య తెల్లటి పొడి భాగం కనపడకూడదు. బేక్ అయ్యాక అది గుడ్డులో కలిసిపోయి కూడా తన రూపం నిలుపుకుంటుంది. అదే మెత్తటి శాండ్‌విచ్ రొట్టెను ఆరబెట్టకుండా రాత్రంతా నానబెడితే పొద్దునకు గంజిలా అవుతుంది. దానికి అరగంటో గంటో చాలు.

రొట్టెకు నిజమైన మాటను అన్నిటికీ అంటగట్టడం దగ్గర తర్కం తప్పింది. పచ్చి బంగాళాదుంప తురుము రాత్రంతా ఉంటే గాలి తగిలినచోటల్లా నల్లబడుతుంది. గడ్డకట్టిన హాష్ బ్రౌన్స్ ముందే కాస్త ఉడికించినవి కాబట్టి నల్లబడవు గానీ, మంచు కరిగి నీళ్లు వదులుతాయి. ఉప్పు కలిసిన మిశ్రమంలో పచ్చి టమాటాలు, జుకినీ ఎనిమిది గంటలుంటే వాటి నీరంతా బయటికొస్తుంది. వంకాయ ముక్కలకు ఉప్పు రాసి పెట్టే మనకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కొందరు పిండీ బేకింగ్ పౌడరూ కలుపుతారు. ఆ పౌడర్ తడి తగలగానే పని మొదలుపెడుతుంది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే పొద్దునకు దాని పొంగు కొంత తగ్గుతుంది.

రొట్టె లేని క్యాసరోల్‌కు రాత్రి చేయాల్సింది వేరు. కూరలు వేయించి, చల్లార్చి, ట్రేలో పరిచి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. గుడ్లూ పాలూ గిలకొట్టి వేరే సీసాలో పోసి అదే అరలో పెట్టండి. పొద్దున రెండూ కలపడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం కోసం రాత్రే అన్నీ కలిపేయమనడంలో వీసమెత్తు లాభం లేదు.

3. "కొలతలు అక్కర్లేదు, ఎన్ని గుడ్లైనా పోయొచ్చు"

కొలత అక్కర్లేని వంటలున్నాయి. పప్పులో నీళ్లు ఎక్కువైతే ఇంకాసేపు మరగనిస్తాం. చారులో పులుపు తగ్గితే చింతపండు పిండుతాం. ట్రే ఓవెన్లోకి వెళ్లాక అలాంటి అవకాశం లేదు. పచ్చిగుడ్డు మిశ్రమాన్ని నాలిక మీద వేసుకుని ఉప్పు చూడటమూ కుదరదు. అందుకే కొలత అన్నిటికన్నా ఎక్కువ కావాల్సింది ఇక్కడే.

మొదట చెప్పుకున్న తొమ్మిది, పదమూడు అంగుళాల ట్రేకి అరకిలోకి కాస్త తక్కువ రొట్టె, ఎనిమిది పెద్ద గుడ్లు, మూడు కప్పుల పాలు, పావుకిలోకి కొంచెం తక్కువ చీజ్. రొట్టె లేకపోతే పన్నెండు గుడ్లు, కప్పు నుంచి కప్పున్నర పాలు, అంతకు మించి వద్దు. రొట్టె లేనప్పుడు పాలను పట్టి ఉంచేది గుడ్డొక్కటే కాబట్టి తేడా. ఉప్పు ఒక టీస్పూను, చీజ్ బాగా ఉప్పగా ఉంటే ముప్పావు. వెన్న తీసిన పాలు వాడితే విరగడం తొందరగా ఉంటుంది, కాబట్టి చిక్కటి పాలే పోయండి. ఒక చెంచాడు కార్న్‌స్టార్చ్ పాలలో కలిపితే గుడ్లు విరగకుండా కాపు కాస్తుంది. ఇంతే కొలత. "చేతికి వచ్చినంత" అని చెప్పేవాళ్లు తమ చెయ్యి మనకివ్వలేరు.

4. "పైన ఎర్రబడితే అయిపోయినట్టే"

ఎర్రబడేది చీజ్. అది పైన ఉంటుంది, పొడి గాలి తగులుతుంది, అరగంటలోనే రంగు మారుతుంది. లోపలి సంగతి దానికేం తెలుసు? ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ట్రే అయితే మధ్యభాగం వేడెక్కడానికి ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో ఎక్కువ పడుతుంది. వంట రాసినవాళ్లు "45 నిమిషాలు" అన్నది బయటి వేడిలో ఉన్న ట్రేకి. దాన్ని చూసుకుని పన్నెండింటికి బల్ల మీద పెట్టినవాళ్లు, మధ్య గరిటె వేయగానే జావలా పారే గుడ్డును చూసి మళ్లీ లోపల పెడతారు. ఈలోగా అంచులు రబ్బరు ముక్కలవుతాయి.

నమ్మాల్సింది మూడింటిని. ట్రేను కొంచెం కదిపితే అంచులు కదలకూడదు, నడుమ మాత్రం ముద్దగా ఒక్కసారి ఊగాలి, అలలు రాకూడదు. మధ్యలో చాకు దించి తీస్తే తడి ఉండొచ్చు, పాలు కారకూడదు. అన్నిటికన్నా నిక్కమైంది వంట థర్మామీటర్. మధ్యలో గుచ్చితే 160 ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్, తప్పక దాటాలి. 170కి అటూ ఇటూ వచ్చేసరికి బయటికి తీయొచ్చు. తీశాక పది, పదిహేను నిమిషాలు ముట్టుకోకూడదు. ఆ కాసేపట్లో లోపలి వేడి ఇంకొంచెం పెరిగి నడుమ కూడా గట్టిపడుతుంది, ముక్క చక్కగా తెగుతుంది. వేడి మీద కోయమని తొందరపెట్టేవాళ్లే తర్వాత "ముద్దగా ఉంది" అంటారు.

గాజు ట్రే గురించి ఒక మాట. ఇప్పుడు అమెరికాలో అమ్మే గాజు ట్రేలు చాలావరకు సోడా లైమ్ గాజువి. ఫ్రిజ్‌లోంచి నేరుగా మండే ఓవెన్లో పెడితే పగిలే ప్రమాదముంది, తయారుచేసే కంపెనీలే వద్దంటాయి. "తోసెయ్" అన్న సలహాలో ఈ హెచ్చరిక ఎక్కడా వినపడదు. లోహపు ట్రే వాడండి, లేదా ట్రేలో చల్లదనం తగ్గేదాకా ఓవెన్ వేడెక్కే లోపు బయట ఉంచండి.

5. "ఫ్రిజ్‌లో ఉన్నదేగా, ఏం కాదు వదినా"

వేయించిన కూరలూ సాసేజీ పొగలు కక్కుతుండగానే పచ్చిగుడ్లు పోసి, లోతైన ట్రేను రేకుతో బిగించి ఫ్రిజ్‌లో పెడితే దాని నడిమధ్య చల్లబడటానికి గంటలు పడుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ 40 నుంచి 140 ఫారెన్‌హీట్ మధ్య, అంటే 4 నుంచి 60 సెల్సియస్ మధ్య, ప్రమాదకరమైన వేడి అంటుంది. బ్యాక్టీరియా వేగంగా పెరిగేది అక్కడే. అందులో రెండు గంటలకు మించి వండిన తిండి ఉండకూడదు, బయట ఎండ 90 డిగ్రీలు దాటితే గంటే. ఫ్రిజ్‌లో ఉన్న ట్రే మధ్య భాగం ఆ వేడిలోనే గంటలు గడుపుతుంటే ఫ్రిజ్ పేరు చెప్పి ధైర్యపడటం ఎందుకు?

ఇంకో చివర బల్ల మీద జరిగేది. మన విందుల్లో పదకొండన్నది పన్నెండున్నర అవుతుంది. పిల్లలు మళ్లీ మళ్లీ వచ్చి తింటారు, క్యాసరోల్ మూడింటిదాకా అక్కడే ఉంటుంది. గర్భిణులు, చంటిపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు తింటారు అది. రెండు ట్రేలు చేసేటట్టయితే ఒకటి అయ్యాక ఇంకోటి ఓవెన్లో పెట్టండి. రెండు గంటలు కాగానే మిగిలింది చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్లీ వేడిచేస్తే 165 ఫారెన్‌హీట్ దాటనివ్వండి.

6. "మన నోటికి చప్పగా ఉంటుంది, పైన కారం చల్లుకుంటే సరి"

చప్పగా ఉండేది మసాలా వేసే తీరు తెలియక. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ మిరపలోని ఘాటును పట్టేసుకుంటుంది, గుడ్డులోని కొవ్వు ఇంకొంత మింగేస్తుంది. ఆమ్లెట్‌కి రెండు పచ్చిమిరపకాయలు చాలిన మనిషికి ఈ ట్రేలో ఆ లెక్క చాలదు. పైన చల్లిన పచ్చికారం మాత్రం వేగదు, ఎండిపోయి గొంతు పట్టుకుంటుంది.

మిరప ఘాటు కొవ్వులో కరుగుతుంది, నీటిలో కాదు. అందుకని పోపు పెట్టండి. నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేసి, అందులోనే ఉల్లిపాయలు దోరగా వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయేదాకా తిప్పి, పసుపూ ధనియాల పొడీ ఆ నూనెలోనే వేగనిచ్చి, చల్లార్చి ట్రేలో పరచండి. కొత్తిమీర మాత్రం ట్రే బయటికొచ్చాక చల్లుకోవాలి. ఇలా చేసిన క్యాసరోల్‌ను ఎవరూ చప్పగా ఉందనరు. చెడార్‌తో కరివేపాకు కుదరదని వాదించేవాళ్లు ఒకసారి తిని చూసి మాట్లాడాలి.

7. "గుడ్డు తిననివాళ్లు పండ్లు తింటారులే"

ఈ మాట నాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తుంది. కార్తీకమాసంలో గుడ్డు ముట్టనివాళ్లు, అసలెప్పుడూ ముట్టనివాళ్లు మన బల్లల చుట్టూ ఉంటూనే ఉంటారు. పదిమంది వేడి ట్రేలోంచి వడ్డించుకుంటుంటే ద్రాక్షపళ్లు నములుతూ కూచోమనడం అతిథిని పిలిచిన తీరు కాదు. ఓవెన్లో గుడ్డు లేకుండా ఉదయపు ఫలహారం కుదరదని ఎవరన్నారు?

మన దిబ్బరొట్టె ఉంది. మినప్పప్పు ఒక వంతు, బియ్యపు రవ్వ రెండు వంతులు నానబెట్టి, పప్పు గారెల పిండిలా రుబ్బి రవ్వ కలిపి, మందపాటి గిన్నెలో నూనె కాచి పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చేవారు కోస్తా ఇళ్లలో. పైనా కిందా వేడి, అంటే ఓవెన్ చేసే పనే. ఇప్పుడు మందపాటి ఇనుప మూకుడును ఓవెన్లోనే ముందుగా వేడెక్కించి, నూనె వేసి, పిండి పోసి 400 ఫారెన్‌హీట్‌లో పైన ఎర్రటి పెచ్చు కట్టేదాకా ఉంచితే ఆ రొట్టే వస్తుంది. గుజరాతీల హాండ్వో కూడా ఇలాంటిదే. అందులో సొరకాయను పచ్చిగానే తురిమి వేస్తారు, చక్కగా ఉడుకుతుంది. నా మొదటి వాదనకు ఇది సాక్ష్యమే గాని విరుద్ధం కాదు. బియ్యం, పప్పుల పిండి ఆ నీటిని పీల్చుకుంటుంది, విరిగిపోయే గుడ్డు లేదు కాబట్టి లోపలి వేడి నూరుకు దగ్గరగా ఎంతసేపైనా ఉండొచ్చు. పచ్చికూర ఎక్కడ ఉడుకుతుందో ఎక్కడ ఉడకదో నిర్ణయించేది ఇదే.

8. "పది నిమిషాల పనేగా"

ఇంతవరకూ చెప్పినవి ట్రేకు సంబంధించిన నష్టాలు. ఇది మనుషులకు సంబంధించింది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది.

వంటకాల్లో "తయారీ సమయం: 10 నిమిషాలు" అని రాస్తారు. అందులో పుట్టగొడుగులు కోయడం లేదు, ఉల్లిపాయలు వేగే ఇరవై నిమిషాలు లేవు, రొట్టె ఆరబెట్టడం లేదు, బాణలి తోమడం లేదు. నిజంగా చేస్తే శనివారం రాత్రి గంటంపావు పని అది. పది నిమిషాలని రాసినందువల్ల ఆ గంటంపావు మాయమవదు, చేసేవాళ్ల లెక్కలో ఉంటుంది, చూసేవాళ్ల లెక్కలో ఉండదు. ఆ చేసేది చాలా ఇళ్లలో ఇప్పటికీ ఆడమనిషే. ఉల్లిపాయలు కోసిపెట్టమని అడిగితే "ట్రేలో పోసి పెట్టేదేగా, దానికి ఇద్దరెందుకు" అనే జవాబు వస్తుంది. పది నిమిషాల మాట నమ్మి ఆ గంట మానేసిన అమ్మాయికి ట్రే నీళ్లు వదులుతుంది. "వంట రానివాళ్లకి కూడా కుదిరేది నాకు కుదరలేదు" అనుకుంటుంది. తప్పు సలహాది, సిగ్గు ఆమెది. తర్వాతి ఆదివారం ఆమె మళ్లీ దోసె పెనం దగ్గరే నిలబడుతుంది, లేదా బయటినుంచి ట్రేలు తెప్పించుకుంటుంది. ఏ కష్టం తప్పించడానికి ఈ వంటకం మనింటికి వచ్చిందో ఆ కష్టమే మళ్లీ వస్తోంది.

ఈ వంటకం తేలిక అన్నమాట నిజమే. ఆ తేలిక ఆదివారం పొద్దున్నకు మాత్రమే, అదీ శనివారం రాత్రి పని పూర్తిగా చేస్తేనే. అందుకే దీన్ని ఇతరులకు చెప్పేవాళ్లెవరైనా మొదటి వరుసలో కూరలు నీరిగిరేదాకా వేయించాలని రాయాలి, తయారీకి గంటంపావు అని రాయాలి, ట్రే మధ్య వేడి ఎంత ఉండాలో అంకె వేసి చెప్పాలి. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు కోయాలి, ఒకరు వేయించాలి. ఇవి చెప్పకుండా "వేసి తోసెయ్" అనేవాళ్లు ఆ సలహా ఇవ్వడం మానుకోవాలి.